నాజ్నీన్ రిపోర్టు వచ్చేదాకా

ఇప్పుడు నా రక్తంలో ఆ జబ్బు లేదు. ఏడాది పాటు వారం వారం ఇంజెక్షన్ తీసుకుని, జుట్టు సగం రాలగొట్టుకుని, అన్నం వాసనకే కడుపులో తిప్పుతుంటే ముక్కు మూసుకుని తిని, చివరికి డాక్టరు నోట "లేదమ్మా" అనే మాట విన్నాను. ఆ ఏడాది గురించి రాయమని మా స్వాతి పోరుతుంటుంది. రాయడానికి అందులో ఏముంది? మందు మొదలైతే మనిషికి ఒక పని దొరుకుతుంది. ఇవాళ ఇంజెక్షన్, రేపు జ్వరం, ఎల్లుండికి కాస్త నయం, అంతే. నన్ను నిజంగా నంజుకు తిన్నది అంతకుముందు కాలం. జబ్బు ఉందని తెలిసి, మందు ఇంకా మొదలు కాక, నా వల్ల ఇంకొకరికి అంటిందో లేదో తెలియక గడిపిన నెలలు. అలాంటి నెలల్లో ఇప్పుడు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొంత నా కోసం కూడా అనుకోండి.

2003, ఆషాఢం

మాది పురానాపూల్ దగ్గర ఒక గల్లీ. మా ఆయన మల్లేశం ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. మా స్వాతి అప్పుడు పదో తరగతి. పెళ్లయి వచ్చిన కొత్తలోనే నేను వెనక గల్లీలో ఉండే ఖుర్షీద్ ఆపా దగ్గర జరీ పని నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఇంటిపని ముగించుకుని ఆమె ఇంటికి పోవడం, ఆమె, నేను, ఆమె కూతురు నాజ్నీన్ కలిసి కార్చోబ్ ముందు కూర్చోవడం, ఇదే నా బతుకు. కార్చోబ్ అంటే నాలుగు కర్రల మధ్య బట్టను బిగించి కట్టే చట్రం. దాని చుట్టూ నేల మీద కూర్చుని, పత్తర్‌గట్టి దుకాణాల వాళ్లు పంపే పెళ్లి దుపట్టాల మీద జరీ, చమ్కీలు కుట్టేవాళ్లం. ఆపా అంటే అక్క. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. నాజ్నీన్ ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల నన్ను ఖాలా అంటుంది, అంటే పిన్ని. చిన్నప్పుడు దాని పేలు దువ్విందీ నేనే, వీపు మీద రెండు వేసిందీ నేనే, కాబట్టి ఆ పిలుపు నాకు తగినదే.

ఆ ఏడు నాకు నెలసరి ఆగకుండా అవుతుండేది. గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షలు రాశారు. రిపోర్టు తెచ్చుకోవడానికి నది అవతలి పెద్దాసుపత్రికి ఒక్కదాన్నే పోయాను. అక్కడ ఒక కుర్ర డాక్టరు కాగితం చూసి, బెంచీ మీద ఉన్నవాళ్లంతా వింటుండగానే, హెపటైటిస్ సి పాజిటివ్ అన్నాడు. కామెర్లా అని అడిగాను. కామెర్లు కాదు, లివర్‌లో కూర్చునే వైరస్, రక్తంతో అంటుతుంది అన్నాడు. పక్కన కూర్చున్న ఆవిడ కొంగు దగ్గరికి తీసుకుని కొంచెం అటు జరిగింది. నాకు ఒళ్లు మండింది. నువ్వేం నా రక్తం తాగడం లేదు కదా తల్లీ, కూర్చో అన్నాను. అంత మాట అని బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. స్వాతిని ఎవరు చూస్తారు, అదొక్కటే తలలో తిరుగుతోంది.

ఆపరేషన్ చేయాల్సిన సర్జన్ ముందు లివర్ డాక్టరుకు చూపించుకుని రమ్మన్నాడు. లివర్ ఓపీలో గోడ పొడుగునా బెంచీలు. పొద్దున వస్తే మధ్యాహ్నానికి గాని పేరు పిలవరు. అక్కడ కూర్చున్నవాళ్లలో కొందరి కడుపులు కుండల్లా ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండేవి. వాళ్లను చూసి నేనూ ఇట్లాగే అవుతాను కాబోలు అనుకుని, చూపు ఎక్కడ పెట్టాలో తెలియక సీలింగు ఫ్యాను చూస్తూ కూర్చున్నాను.

లివర్ డాక్టరు నిదానస్తుడు. ఒక్కొక్క మాట తూచి మాట్లాడతాడు. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అని అడిగాడు. స్వాతి పుట్టినప్పుడు నేను బతకననుకున్నారు, అప్పుడు ఎక్కించారు. ఆ రోజుల్లో ఈ జబ్బుకు పరీక్ష లేదు, దాంట్లో వచ్చి ఉండొచ్చు, గల్లీ డాక్టర్లు మరగబెట్టి వాడే సూదుల వల్ల కూడా వచ్చి ఉండొచ్చు, ఇదే అని చెప్పలేం అన్నాడు. మందు ఉందని చెప్పాడు. ఏడాది పాటు ఇంజెక్షన్లు, మాత్రలు. ఖర్చు మా ఆయన ఆఫీసు నుంచి వస్తుందని తేలింది. దానికి ఆయన పడ్డ తిప్పలు ఆయనవి, నేను రాయను. కానీ ఆ మాత్రలు ఒంట్లో రక్తాన్ని తగ్గిస్తాయట. నాకేమో రక్తం ముందే అడుగంటింది. రక్తం పెరిగితేనే మొదలుపెడతానన్నాడు. రక్తం పెరగాలంటే ఆ నెలసరి ఆగాలి. ఆగాలంటే ఆపరేషన్ కావాలి. ఆపరేషన్ డాక్టరేమో లివర్ సంగతి తేలందే కత్తి పట్టనంటాడు. ఈయన ఆయన దగ్గరికి, ఆయన ఈయన దగ్గరికి, నడుమ నేను.

బయటికి రాబోతుంటే ఆయన, ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. జరీ పని అన్నాను. సూదులు ఎవరివి వాళ్లవేనా అన్నాడు. నవ్వొచ్చింది. కార్చోబ్ దగ్గర ఎవరి సూది ఏమిటి? పని ఆపి లేచేటప్పుడు సూదిని బట్టలోనే గుచ్చి లేస్తాం. ఆ చోట ఎవరు కూర్చుంటే వాళ్లు ఆ సూదే అందుకుంటారు. అది బిరుసుగా నడిస్తే నూనె కోసం తలలో రెండుసార్లు గీసుకుంటాం. వేలికి గుచ్చుకుంటే చప్పున నోట్లో పెట్టుకుని, మళ్లీ కుడతాం. రక్తం బట్ట మీద పడకపోతే చాలు, అదే మా భయం. జరీ పని చేసేవాళ్ల వేళ్లు చూడండి, గుచ్చుకోని చోటు ఉండదు. ఇదంతా డాక్టరుకు నవ్వుతూ చెప్పాను. చెబుతూ చెబుతూ నా నవ్వు ఆగిపోయింది. ఆయన కూడా నవ్వలేదు. సూదులతో అంటడం చాలా అరుదు, కానీ ఏళ్ల తరబడి కలిసి కూర్చున్నారు కాబట్టి వాళ్లిద్దరికీ పరీక్ష చేయిస్తే మంచిది అన్నాడు.

నాజ్నీన్‌కు అప్పటికే సంబంధం కుదిరి ఉంది. రంజాన్ పండుగ అయ్యాక నికా.

శ్రావణం, భాద్రపదం

మా ఆయనకు, స్వాతికి పరీక్ష చేయించాం. ఇద్దరికీ లేదు. ఆ రిపోర్టు తెచ్చిన రోజు మా ఆయన పోయి మాదన్నపేట మార్కెట్ నుంచి సంచి నిండా తోటకూర, బీట్‌రూట్ తెచ్చాడు. ఎవరో చెప్పారట, రక్తం పడుతుందని. అప్పటి నుంచి మా ఇంట్లో కూర అంటే ఎర్రగానో పచ్చగానో ఉండాల్సిందే. ఆయన ప్రేమంతా ఆ సంచిలోనే ఉంటుందని నాకు తెలుసు, అయినా బీట్‌రూట్‌ను ఇప్పటికీ క్షమించలేదు.

మా ఆడపడుచు చూడటానికి వచ్చింది. వచ్చి పలకరించి, ఓదార్చి, కళ్లు తుడుచుకుని, వంటింట్లోకి పోయి నా గ్లాసూ కంచమూ వేరే గూట్లో పెట్టింది. లివర్ జబ్బుకు ఫలానా ఊళ్లో పసరు పోస్తారని కూడా చెప్పింది. నేను నోరు తెరవబోతే మా ఆయన సైగ చేశాడు. స్వాతి టీ తెచ్చింది. ఆయన లేచి పోయి గూట్లోంచి నా గ్లాసు తెచ్చుకుని, అందులో టీ పోసుకుని చెల్లెలి ముందు కూర్చుని తాగాడు. నేను లేచి బాత్రూములోకి పోయి ఏడ్చాను. ఇది చదివేవాళ్లకు చెప్తున్నాను: కలిసి తింటే రాదు, ఒకే గ్లాసులో తాగితే రాదు, పక్కన కూర్చుంటే రాదు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో, ఎంతమంది తలూపి మళ్లీ గ్లాసు పక్కకు పెట్టారో.

లివర్ డాక్టరు సూదుల మాట చెప్పిన మర్నాటి నుంచి నేను ఆపా ఇంటికి పోవడం మానేశాను. ఒంట్లో బాగా లేదని కబురు పంపాను. ఎట్లా చెప్పాలో తెలియలేదు. అప్పుడు కార్చోబ్ మీద ఉన్నది దుకాణం వాళ్ల బట్ట కూడా కాదు, నాజ్నీన్ పెళ్లి దుపట్టా. ఆపా తన చేతి సంపాదనతో ఎర్రటి బట్ట కొని, తల్లి, ఖాలా కలిసి కుట్టాలని మొదలుపెట్టింది. దాని అంచు నా వంతు. సగంలో వదిలేశాను.

ఆపా కొన్నాళ్లు చూసి ఒక మధ్యాహ్నం తానే వచ్చింది. బురఖా తీయలేదు, కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే మొదలుపెట్టింది.

"దుకాణపోడు నీకేమన్న ఆశ జూపిండా? సపరేట్ కార్చోబ్ పెట్టుకుంటున్నవా? పెట్టుకో, నేనేమన్న అంటనా. గని నా బిడ్డ దుపట్టా మీద చెయ్యి పెట్టనంటే ఏందన్నట్టు?"

"ఆపా, కూసో. చెప్త."

"కూసునేటందుకు రాలే."

నిలబడే విను అయితే, అని చెప్పేశాను. నా నెత్తురు మంచిగ లేదు ఆపా, లివర్ జబ్బు, నెత్తురుతోని అంటుతది, మనం ఒకళ్ల సూదులు ఒకళ్లం పట్టుకున్నం కదా. ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాను. ఆపా వినడం ఎప్పుడో ఆపేసింది. రెండు చేతులూ ముందుకు చాపి తన వేళ్లు చూసుకుంటోంది.

"నాజ్నీన్‌కు అంటిందా?" అంది.

"తెల్వదు. పరీక్ష చేస్తెనే తెలుస్తది. నీకూ, దానికీ చెయ్యాలన్నడు డాక్టర్."

"నక్కో." ఆపాకు భయమేస్తే తెలుగు పోయి దక్కనీ వస్తుంది, వద్దు అనడం నక్కో అయిపోతుంది. "షాదీ అయ్యేదాంక నక్కో. పిలగాని చిచ్చా, వాళ్ల నాయిన తమ్ముడు, ఆ దవాఖాన్లనే పనిచేస్తడు. పెండ్లిపిల్ల నెత్తురు పరీక్షకు వచ్చిందంటే ఏమనుకుంటరు? ఏమున్నా లేకున్నా లొల్లి అయితది. అయినంక చూద్దాం."

అయినంక చూస్తే ఏం లాభం ఆపా, ఉంటే ఆ పిల్లకు ఇప్పుడే తెలియాలి కదా, రేపు కడుపున పడ్డ బిడ్డ సంగతి ఏంది అని నేను అన్నాను. గొంతు పెంచాను కూడా. నా భయం నాది. ఆ పిల్ల అత్తగారింటికి నా జబ్బు మోసుకుపోతుందేమోనన్న ఊహ వస్తే నాకు ముద్ద దిగేది కాదు. ఆపా భయం ఆపాది. మగదిక్కు లేని ఇంట్లో బిడ్డకు ఒక మంచి సంబంధం కుదిరింది, అది నోటి దాకా వచ్చి జారిపోతుందేమోనని. ఇద్దరం ఒకే పిల్ల గురించి ఏడుస్తూ ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం.

పోయేటప్పుడు ఆపా, నాజ్నీన్‌కు చెప్పకు అంది. ఆ తరవాత చాలా రోజులు మా ఇంటి వైపు రాలేదు. గల్లీలో ఎదురైతే తల పక్కకు తిప్పుకునేది. ఇంట్లో ఉన్న సూదులన్నీ తీసుకుపోయి నదిలో పారేసిందని, కొత్తవి తెచ్చి కూతురికి వేరే, తనకు వేరే పెట్టుకుందని తెలిసింది. ఇరవై ఏళ్లకు దగ్గరైన స్నేహం. జబ్బు కన్నా ఆ పక్కకు తిప్పుకున్న తల నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఇందులో దాచేదేమీ లేదు.

రంజాన్ నెల

ఇద్దరు డాక్టర్ల మధ్య తిరుగుడు దసరా దాటినా తెగలేదు. పోయిన ప్రతిసారీ రక్తం ఇంకా తక్కువే ఉందనేవారు. ఓపీ బెంచీ మీద నాకు పరిచయమైన ఒక ముసలాయన ఉండేవాడు, తాండూరు వైపు మనిషి. నాకన్నా ముందే వచ్చి నా కోసం తువ్వాలు పరిచి చోటు పట్టేవాడు. ఆడకూతురివి, నెత్తురు లేనిదానివి, నిలబడకు బిడ్డా అనేవాడు. రానురాను ఆయన కడుపు ఉబ్బుతూ పోయింది. ఒక వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

చివరికి వేరే వార్డులోని ఒక లేడీ సర్జన్ నా కాగితాలు చూసి, నేను చేస్తాను అంది. అంత తేలికగా అంది. ఒకటే షరతు, ఆ రోజు కేసులన్నీ అయ్యాక చివరి కేసుగా చేస్తుంది, తరవాత గది మొత్తం కడగాలి కాబట్టి. నాకు అభ్యంతరం ఏముంటుంది? పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు లేకుండా థియేటర్ బయట స్ట్రెచర్ మీద పడుకున్నాను. నా తరవాత వచ్చినవాళ్లందరూ లోపలికి పోతున్నారు, బయటికి వస్తున్నారు. నా వంతుకు సాయంత్రమైంది. స్ట్రెచర్ లోపలికి తోస్తున్న ఆయమ్మ గ్లౌజు తీసేసి ఉత్త చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఏం కాదులేమ్మా అంది. ఆమె ముఖం గుర్తు లేదు. ఆ చెయ్యి ఎంత గరుకుగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

ఆపరేషన్ బాగానే అయింది. ఇంకా వార్డులోనే ఉండగా ఒక రోజు నాజ్నీన్ వచ్చింది. ఉపవాసంతో పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఎట్లున్నవ్ ఖాలా అని కూడా అడగలేదు.

"ఆ పరీక్ష ఏడ చేస్తరు?" అంది.

ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదట. సూదులు వేరు చేసినప్పటి నుంచి అనుమానం. తల్లిని రోజూ తవ్వి తవ్వి ఆ ముందురోజే మొత్తం రాబట్టింది. మీ అమ్మీ వద్దంది కదా అన్నాను.

"ఆయన మంచోడు ఖాలా. తెలిసి తెలిసి ఆయనకు నేను ఇయ్యలేను. అమ్మీకి చెప్పేసిన, పరీక్ష చేపియ్యకుంటే ఖాజీ ముందట ఖబూల్ అనను. గొంతు కోసినా అనను."

అప్పుడు చూశాను, వార్డు తలుపు దగ్గర ఆపా నిలబడి ఉంది. ఎన్ని రోజులకు చూశానో ఆ మనిషిని. చిక్కిపోయింది. దగ్గరికి వచ్చి నా దుప్పటి సర్ది, కూతురి వైపు చూడకుండా నాతో అంది, ఏదో నేనే ఇదంతా మొదలుపెట్టినట్టు.

"ఒక ఉపాయం చేసిన. నా పేరు మీద గుడ పరీక్ష రాపియ్యి. ఎవరన్న అడిగితే ముసల్దానికి షుగర్, నెత్తురు చూపిచ్చుకునేటందుకు వచ్చింది, పిల్ల తోడొచ్చింది అంటం. నేను ముందు కూసుంట, అది నా యెనుక. ఎవరికీ అనుమానం రాదు."

ఆపాకు నిజంగానే షుగర్ ఉంది, అందరికీ తెలుసు. ఉపాయం బాగుంది. నీకూ చెయ్యమన్నడు కదా డాక్టర్, అని గుర్తు చేయబోయి ఊరుకున్నాను. ఏ పేరున చేయించుకుంటే ఏం, చేయించుకుంటోంది చాలు. నేను కడుపు పట్టుకుని లేచి, లివర్ డాక్టరు దగ్గరికి నర్సును పంపి చీటీలు రాయించాను. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు రక్తం ఇచ్చి వచ్చారు. ఆపా బురఖా చెయ్యి పైకి మడుచుకుని, దూది నొక్కిపట్టుకుని, ఇగో, నాది గుడ తీసుకున్నరు, బర్రెను పిండినట్టు పిండిండ్రు అంది. చాలా రోజుల తరవాత ముగ్గురం నవ్వాం. నాకు కుట్లు లాగాయి.

రిపోర్టు రావడానికి పండుగ సెలవుల వల్ల ఆలస్యమైంది. ఇంటికి వచ్చాక నాకు పడుకుంటే నాజ్నీన్ ముఖం, లేస్తే నాజ్నీన్ ముఖం. నా రక్తం సంగతి పూర్తిగా మరిచిపోయాను. కొత్తగా పరీక్ష చేస్తే రక్తం పెరుగుతోందని డాక్టరు చెప్పినా నాకు ఏమీ అనిపించలేదు. ఆ పిల్లకు ఉంటే నేను మందు తీసుకోను, ఇట్లాగే పోతాను అని మా ఆయనతో అన్నాను. మా ఆయన జీవితంలో నన్ను ఎన్నడూ గట్టిగా కోప్పడలేదు. ఆ రోజు కోప్పడ్డాడు. నువ్వు పోతే ఆ పిల్లకు తగ్గుతదా, స్వాతి ముందట గిట్ల మాట్లాడతవా అని పళ్లెం పక్కకు నెట్టి లేచిపోయాడు. స్వాతి పుస్తకంలో తల పెట్టుకుని కూర్చుంది, పేజీ మాత్రం తిప్పలేదు.

పండుగ తరవాత

రిపోర్టులకు ఆపా, నేను పోయాం. నాజ్నీన్‌ను రావద్దన్నాం. కౌంటరులో రెండు కాగితాలు ఇచ్చారు. ఆపాకు ఉర్దూ తప్ప చదవరాదు, కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అందుకని చదవాల్సింది నేనే. ముందు నాజ్నీన్ పేరున్న కాగితం వెతికి పట్టుకున్నాను. నెగెటివ్ అని ఉంది. ఇంకోసారి చూశాను. పేరు, వయసు, అన్నీ చూశాను.

"లేదు ఆపా. నాజ్నీన్‌కు లేదు."

ఆపా రెండు అరచేతులూ ముఖం మీద పెట్టుకుని అల్లాకు షుక్రియా చెప్పుకుంది. నా తల మీద చెయ్యి పెట్టింది, నా బుగ్గ గిల్లింది, చిన్నపిల్ల అయిపోయింది. పా, చల్, ఖజూర్ కొనుక్కుని పోదాం అని గేటు వైపు నడక మొదలుపెట్టింది కూడా. నేను రెండో కాగితం తిప్పాను. దాన్ని చూడాలన్న ఆత్రం కూడా నాకు లేదు, ఊరికే మడిచి సంచిలో పెట్టుకునే ముందు చూశాను. పాజిటివ్.

ఆ మనిషి ముందు పోతూనే ఉంది. ఆపా, నిలబడు అన్నాను.

"ఇంకేంది?"

"నీది."

"నాదేందే? నాది ఊకె, మంది చూసేటందుకు ఇచ్చిన కదా."

చెప్పాను. ఆపా ఏడుస్తుందనుకున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టినా పడటానికి సిద్ధంగా ఉన్నాను. ఆపా దగ్గరికి వచ్చి, నాజ్నీన్ కాగితం మల్ల సదువు అంది. మళ్లీ చదివాను. బస్, ఇగ చాలు అంది.

నేనే బెంచీ మీద కూలబడి ఏడ్చాను. నా వల్లనే ఆపా, నా సూదులతోనే అన్నాను. పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూస్తున్నారు. ఆపా నా పక్కన కూర్చుంది.

"నీ వల్లనే అని ఎట్ల తెలుసు? కార్చోబ్ మీద నీకంటే ముందు కూసున్నది నేను. నా వల్లనే నీకు వచ్చిందేమో. చిన్నప్పటి సంది ఎన్ని సూదులు ఏపిచ్చుకున్ననో నాకే యాదిలేదు. నువ్వు గట్ల అనుకుంటే నీకు నిద్ర పడ్తదా? నేను గిట్ల అనుకుంటే నాకు పడ్తదా? ఇద్దరం అనుకోవద్దు. ఇయ్యాల్టికెల్లి ఆ మాట నోట్లె నుంచి రావద్దు."

తరవాత ఒట్టు వేయించుకుంది. షాదీ అయ్యి పిల్ల అత్తగారింటికి పోయేదాకా నాజ్నీన్‌కు తెలియకూడదు. తెలిస్తే పోదు, నన్ను పట్టుకుని కూసుంటది, దాని సంగతి నీకు తెలుసు కదా అంది. తెలుసు. ఒట్టు వేశాను.

ఆపాను లివర్ డాక్టరుకు చూపించాను. పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాడు, స్కాన్ చేయించాడు. ఆపాను బయట కూర్చోబెట్టి నాతో మాట్లాడాడు. లివర్ చాలా ఏళ్ల నుంచి పాడవుతూ గట్టిపడిపోయిందట. షుగర్ కూడా ఉంది. ఈ ఇంజెక్షన్లు ఆమె ఒళ్లు తట్టుకోదు, ఇస్తే మేలు కన్నా కీడు ఎక్కువ, మాత్రలతో, తిండితో జాగ్రత్తగా నెట్టుకురావాలి అన్నాడు. నా ఫైలు చూసి, నీకు రక్తం సరిపోయింది, వచ్చే నెల మొదలుపెడదాం అన్నాడు. ఈ రెండు మాటలూ ఒకే గదిలో, ఒకే కుర్చీలో కూర్చుని విన్నాను. ఆ రోజు కోసం ఆషాఢం నుంచి కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాను. సంతోషించడానికి మాత్రం మనసు రాలేదు.

బయటికి వస్తే ఆపా, నాకు ఇయ్యరు కదా సుయి అంది. నా ముఖం చూసే పట్టేసింది. లేదన్నాను. మంచిగయ్యింది, నాకు సుయి అంటే బుగులు అంది. జీవితమంతా సూది పట్టుకుని బతికిన మనిషి, సూదంటే భయమని చెప్పింది.

ఇంటికి పోగానే నన్ను కార్చోబ్ ముందు కూర్చోబెట్టింది. నా సూదికి నల్ల దారం, తనదానికి ఆకుపచ్చ దారం, నాజ్నీన్‌దానికి ఎరుపు కట్టి, కలిస్తే చెయ్యి విరుగుతది అని బెదిరించింది. వేలికి గుచ్చుకుంటే దూరంగా లేచిపోయి కడుక్కుని, పట్టీ వేసుకుని వచ్చేదాన్ని. పెళ్లికి ముందురోజు అంచు పూర్తయింది.

డిసెంబరు

నికా పగలే జరిగింది. ఖాజీ అడిగినప్పుడు నాజ్నీన్ ఖబూల్ అన్న మాట మా ఆడవాళ్ల గదిలోకి గట్టిగా వినిపించింది. ఆపా నా చెయ్యి గిల్లి, అన్నది అంది.

కారు వచ్చింది. సాగనంపేటప్పుడు ఆపా అందరికన్నా హుషారుగా తిరుగుతోంది, మూటలు కడుతోంది, పిల్లలకు మిఠాయిలు పంచుతోంది. నాజ్నీన్ దుపట్టా సర్దుతానని నేను దగ్గరికి పోయాను. ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుని తల వంచి, నాకు మాత్రమే వినపడేట్టు మాట్లాడింది.

"అమ్మీ నా కాగితం పదిమార్లు చూపిచ్చింది. తనది ఒక్కమారు గుడ చూపియ్యలే."

ఏదో అనబోయాను.

"చెప్పకు ఖాలా. ఇప్పుడు చెప్తే నేను కారెక్కలేను."

దుపట్టా సర్దాను. ఆ పిల్ల తల్లిని గట్టిగా కౌగిలించుకుని, ఏడ్చి, కారెక్కింది. ఆపా గల్లీ చివరిదాకా చెయ్యి ఊపుతూ నిలబడింది.

మా వైపు ముస్లింల ఇళ్లలో పెళ్లయ్యాక శుక్రవారాలు కొత్త జంట పుట్టింటికి విందుకు వస్తారు, జుమాగీ అంటారు. మొదటి జుమాగీ నాడు నన్నూ పిలిచారు. అల్లుడు ముందు గదిలో కూర్చున్నాడు, ఆపా ఆయనకు వడ్డిస్తోంది, ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆమె గొంతు వినిపిస్తోంది. నాజ్నీన్ వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నా రెండు చేతులూ తన ఒళ్లోకి తీసుకుంది.

"ఇగ చెప్పు ఖాలా," అంది.

చెప్పాను.